బడి భాషను ఇంటికి చేర్చిన గిడుగు

ఉద్దేశం

చదువులో వెనుకబడిన బిడ్డను మందబుద్ధి అని నిర్ణయించడం సులభం. ఆ వెనుకబాటుకు కారణం బిడ్డలో ఉన్నదా, పుస్తకంలో ఉన్నదా, బోధించే తీరులో ఉన్నదా అని విచారించడం కష్టం. ఆ కష్టమైన పనికి తన జీవితాన్ని అంకితం చేసిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి. ఆయన జీవితాన్ని, ఆయన చేసిన కృషిని విద్యార్థులకు పరిచయం చేయడం, చదువులో ఇబ్బంది పడే పిల్లల పట్ల పెద్దల బాధ్యతను గుర్తు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పాఠం అర్థం కాని విద్యార్థిని లోకం సాధారణంగా రెండు మాటలతో సరిపెడుతుంది. ఒకటి, వానికి బుద్ధి లేదని. రెండవది, వానికి శ్రద్ధ లేదని. ఇంట్లో తల్లిదండ్రులు మందలిస్తారు, బడిలో ఉపాధ్యాయులు దండిస్తారు, తోటివారు నవ్వుతారు. కొంతకాలానికి ఆ బిడ్డ కూడా తాను చదువుకు పనికిరానని నమ్మడం మొదలుపెడతాడు. ఒక్కసారి ఆ నమ్మకం మనస్సులో నాటుకున్న తరువాత ఎంత మంచి పాఠమైనా వాని చెవికి ఎక్కదు. అయితే ఆ బిడ్డ చేతిలోని పుస్తకం వానికి తెలిసిన భాషలోనే ఉన్నదా అన్న ప్రశ్న మాత్రం చాలాకాలం ఎవరికీ తోచలేదు. తోచినవారిలో అగ్రగణ్యులు గిడుగు రామమూర్తి. ఆయన కవిగా గాని కథకునిగా గాని ప్రసిద్ధికెక్కలేదు. ముప్పై సంవత్సరాలకు పైగా పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడాయన. ఆయన పాండిత్యం, పోరాటం, పట్టుదల అన్నీ తరగతి గదిలో నుంచే పుట్టాయి.

శ్రీకాకుళానికి ఉత్తరాన వంశధారా నదీతీరంలో శ్రీముఖలింగ క్షేత్రం ఉన్నది. ఆ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేట గ్రామంలో 1863 ఆగస్టు 29వ తేదీన రామమూర్తి జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. బాలునికి అక్షరాభ్యాసం, తొలి చదువులు ఆ ఊరిలోనే జరిగాయి. తరువాత తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడ ఆయన విషజ్వరం సోకి మరణించారు. అప్పటికి రామమూర్తికి సుమారు పన్నెండేళ్లు. సంపాదించే దిక్కు లేదు. తల్లి, ఇద్దరు చెల్లెళ్లు మిగిలారు.

ఆ వయస్సులో తండ్రిని పోగొట్టుకున్న బాలుని చదువు అక్కడితో ఆగిపోవడం ఆ రోజుల్లో వింత కాదు. చాలా కుటుంబాలలో అదే జరిగేది. రామమూర్తి విషయంలో అలా జరగలేదు. మేనమామగారు ఆదుకున్నారు. విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో బాలుడు చేరాడు. ఇంటి పరిస్థితి ఎరిగిన తల్లి కుమారుని వెంటనే ఏదో ఒక కొలువులో పెట్టి ఉంటే తెలుగు భాషాచరిత్ర మరో తీరుగా ఉండేది. బిడ్డ చదువుకు తోడ్పడడం అంటే పక్కన కూర్చుని పాఠం చెప్పడమే కానక్కరలేదు. కష్టకాలంలో ఆ చదువు తెగిపోకుండా కాపాడడం అన్నింటికంటె పెద్ద తోడ్పాటు. ఆ తోడ్పాటు రామమూర్తికి లభించింది.

ఆనాటి విజయనగరం విద్యలకు పుట్టినిల్లు. సంగీతం, సాహిత్యం, శాస్త్రచర్చ అక్కడ నిత్యకృత్యాలు. ఆ పాఠశాలలో రామమూర్తికి సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఇద్దరి వయస్సుల మధ్య అంతరం ఏడాది లోపే. బడిలో మొదలైన ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. అనంతరకాలంలో తెలుగు భాష గతిని మార్చిన ఇద్దరు ఒకే బడిలో చదువుకోవడం ఉత్తరాంధ్రకు దక్కిన గౌరవం. 1879లో రామమూర్తి మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. ఆ ఏడాదే వివాహం జరిగింది.

కళాశాలలో చేరి చదువుకోవాలని కోరిక ఉన్నా ఇంటి బాధ్యత ముందు నిలిచింది. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పై రూపాయల జీతం మీద ఉపాధ్యాయులుగా చేరారు. ఆ జీతంతోనే తల్లిని, చెల్లెళ్లను పోషించారు. పర్లాకిమిడి నాడు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాకు చెందిన పట్టణం. తెలుగువారు, ఒడియావారు, కొండలలోని సవరలు అక్కడ కలిసి బ్రతికేవారు. పగలు పిల్లలకు చరిత్ర పాఠాలు చెబుతూ, రాత్రులు తాము చదువుకుంటూ రామమూర్తి ప్రైవేటుగా 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు. మెట్రిక్యులేషన్‌కూ పట్టభద్రతకూ మధ్య పదిహేడు సంవత్సరాలు గడిచాయి. ఆలస్యంగా సాగిన చదువు తక్కువ చదువు కాదనడానికి ఆయన జీవితమే నిదర్శనం. పాఠశాల కళాశాలగా ఎదిగినప్పుడు ఆయన కూడా కళాశాల తరగతులకు బోధించే స్థాయికి ఎదిగారు.

ఉపాధ్యాయుడు విద్యార్థికి ఎలా చెప్పాలి అన్న ప్రశ్న ఆయనకు అత్యంత తీవ్రంగా ఎదురైనది సవరల విషయంలో. పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకు గాని ఒడియాకు గాని బంధువు కాదు. తెలుగు ద్రావిడ భాష, ఒడియా ఆర్యభాష, సవర ముండా కుటుంబానికి చెందిన భాష. కొండ దిగి వచ్చిన సవరలకు పట్టణంలోని వ్యవహారం అర్థమయ్యేది కాదు. అమ్మకంలో, కొనుగోలులో, అధికారుల ముందు వారు మాట తెలియక నష్టపోయేవారు. వారికి చదువు రాదని, వచ్చినా నిలవదని చుట్టుపక్కలవారి నమ్మకం. ఆ నమ్మకాన్ని రామమూర్తి అంగీకరించలేదు. వారి పిల్లలకు చదువు రాకపోవడానికి కారణం వారి తెలివి కాదని, వారికి తెలియని భాషలో బోధించడమని ఆయన గ్రహించారు.

ఆ అన్యాయాన్ని సవరించడానికి ఆయన ఎంచుకున్న మార్గం గమనింపదగినది. సవర బాలుడు ముందుగా తెలుగు నేర్చుకొని రావాలని ఆయన కోరలేదు. గురువే శిష్యుని భాష నేర్చుకోవాలని నిశ్చయించుకున్నారు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంటిలోనే ఉంచుకొని అతని వద్ద భాష నేర్చుకున్నారు. కులభేదాలు బలంగా ఉన్న ఆ రోజుల్లో ఒక ఉపాధ్యాయుని ఇంట్లో అది సామాన్యమైన విషయం కాదు. సవర భాషకు నాడు లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. తెలుగులో లేని ధ్వనులు అందులో ఉన్నాయి. కంఠంలో గాలిని క్షణకాలం బిగబట్టి పలికే ధ్వని అటువంటిది. వాటిని పట్టుకోవడానికి ఆయన పాశ్చాత్యుల ధ్వనిశాస్త్ర గ్రంథాలను తెప్పించుకొని స్వయంగా అభ్యసించారు. కళాశాలలో ఎవరూ చెప్పని శాస్త్రం అది.

భాష కోసం ఆయన కొండలలో తిరిగారు. ఆ అడవులు మన్యపు జ్వరాలకు నిలయాలు. జ్వరం వస్తే క్వినైను తప్ప మందు లేదు. ఆ మందు వాడకం వల్లనే ఆయనకు చెవుడు వచ్చిందని ఆయన జీవితాన్ని గురించి రాసినవారు చెబుతారు. ధ్వనుల కోసం ప్రాణం పెట్టి విన్నవానికి వినికిడి తగ్గడం కంటె పెద్ద కష్టం ఏముంటుంది? అయినా పని ఆగలేదు. సవర పిల్లల కోసం వాచకాలు తయారు చేశారు. కథలను, పాటలను సేకరించారు. సొంత ధనంతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర భాషలోనే చదువు చెప్పించారు. ప్రభుత్వం ఈ కృషిని గుర్తించి 1913లో రావుబహదూర్ బిరుదునిచ్చింది. సుమారు ముప్పై అయిదేళ్ల పరిశ్రమ ఫలితంగా 1931లో సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో వెలువడింది. దానిని మద్రాసు ప్రభుత్వం ముద్రించింది. ఆ తరువాత నిఘంటువు వచ్చింది. తండ్రి అడుగుజాడల్లో కుమారుడు గిడుగు వేంకట సీతాపతి సవర భాషలో కృషి చేశారు. పిల్లల కోసం తెలుగులో గేయాలు కూడా రాశారు.

సవర పిల్లల కష్టాన్ని చూచిన కన్నులతో రామమూర్తి తెలుగు పిల్లలను కూడా చూచారు. అక్కడ ఆయనకు మరింత విచిత్రమైన విషయం కనిపించింది. తెలుగు ఇంట పుట్టి, తెలుగు మాట్లాడే పిల్లవాడు తెలుగు పాఠంలోనే తడబడుతున్నాడు. కారణం పుస్తకంలోని తెలుగు, ఇంటిలోని తెలుగు ఒకటి కాకపోవడం. పంతొమ్మిదవ శతాబ్ది మధ్యలో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను, బాలవ్యాకరణాన్ని రచించారు. రెండూ గొప్ప గ్రంథాలే. అయితే నీతిచంద్రికలోని శైలి బడి పుస్తకాలన్నింటికీ ఒరవడి అయింది. బాలవ్యాకరణంలోని సూత్రాలు విద్యార్థి రాసే ప్రతి వాక్యానికీ కొలబద్దలయ్యాయి. ప్రాచీన కావ్యాల భాషకు చేసిన వ్యాకరణం బడిపిల్లల వచనానికి శాసనమైంది.

దీని ఫలితం ఎలా ఉండేదో ఒకటి రెండు ఉదాహరణల వల్ల తెలుస్తుంది. ఇంట్లో బిడ్డ వస్తాను అంటాడు, పుస్తకంలో వచ్చెదను అని రాయాలి. ఇంట్లో చేస్తున్నాడు అంటాడు, పుస్తకంలో చేయుచున్నాఁడు అని రాయాలి. పోవాలి అన్న మాట పోవలయును కావాలి. వాఁడు కొట్టె అన్నది గసడదవాదేశ సంధి వల్ల వాఁడు గొట్టె అని కూడా అవుతుంది. అరసున్న ఎక్కడ రావాలో, శకటరేఫ ఎక్కడ రాయాలో కంఠస్థం చేయాలి. నాటి వాడుకలో ఆ ధ్వనిభేదాలే లేవు గనుక చెవి సహాయపడదు. చరిత్ర గాని, ఆరోగ్యశాస్త్రం గాని తెలిసిన విద్యార్థి కూడా తనకు తెలిసిన సంగతిని తెలుగులో రాయలేకపోయేవాడు. విషయం తెలిసి భాష తప్పినందుకు మార్కులు పోయేవి. భాష తప్పకుండా రాసినవానికి విషయం తెలియకపోయినా చెల్లేది. తల్లి చదువుకున్నదైనా కాకపోయినా బిడ్డకు పాఠంలో సాయపడలేకపోయేది. ఆమె మాట్లాడే మాటలన్నీ గ్రామ్యమని పుస్తకం తీర్పు చెప్పింది కదా!

1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చారు. బడులలో తెలుగు చెప్పే తీరు ఆయనకు వింతగా తోచింది. పాఠం పాతభాషలో ఉండడమే గాక, దానికి ఉపాధ్యాయుడు చెప్పే అర్థం కూడా పాతభాషలోనే ఉండడం ఆయనకు అర్థం కాలేదు. విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని ఆయన కారణం అడిగారు. దానికి సమాధానం చెప్పగలవారు గురజాడ, గిడుగులే అని అయ్యంగారు సూచించారు. ఈ నలుగురి సమావేశంతో వ్యావహారిక భాషోద్యమం రూపుదిద్దుకుంది. దాని మూలం సాహిత్య వివాదం కాదు, పిల్లల చదువు. ఈ విషయం తరచుగా మరుగున పడుతుంది.

1911లో రామమూర్తి ఉద్యోగ విరమణ చేశారు. వయస్సు నలభై ఎనిమిది సంవత్సరాలు. విశ్రాంతి తీసుకోవలసిన సమయంలో ఆయన అసలు పని మొదలైంది. ఉద్యమం తొలి ఫలితాలు త్వరగానే కనిపించాయి. 1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని గ్రాంథికంలో గాని, వ్యావహారికంలో గాని రాయవచ్చునని అధికారులు అనుమతించారు. వాడుకభాషలో రాసిన కొన్ని పుస్తకాలు పాఠ్యగ్రంథాలయ్యాయి. విద్యార్థి తన మాటలలో తన భావం రాసుకొనే అవకాశం మొదటిసారి కలిగింది.

పండితలోకం కలవరపడింది. 1911లో మద్రాసులో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఈ మార్పును తీవ్రంగా వ్యతిరేకించింది. జయంతి రామయ్య పంతులు ఆ పక్షానికి నాయకులు. ఆయన సామాన్యులు కారు. శాసనాలను పరిశోధించినవారు, సూర్యరాయాంధ్ర నిఘంటు నిర్మాణానికి పూనుకొన్నవారు. వారి ఆందోళనలో అర్థం లేకపోలేదు. వాడుకభాష జిల్లాకొక విధంగా, కులానికొక విధంగా ఉంటుంది. అందరికీ సమానమైన భాష గ్రాంథికమొక్కటే. దానిని వదిలితే రాబోయే తరాలకు నన్నయ, తిక్కనలు అందకుండా పోతారు అని వారు భయపడ్డారు. ప్రాచీన సాహిత్యాన్ని ప్రేమించేవారు ఎవరైనా ఆ భయాన్ని తేలికగా తీసివేయలేరు.

రామమూర్తి కూడా ప్రాచీన సాహిత్యాన్ని ప్రేమించినవారే. కావ్యాలను పఠించడం మానమని ఆయన చెప్పలేదు. చదువవలసిన భాష వేరు, రాయవలసిన భాష వేరు అని మాత్రమే ఆయన వాదం. పూర్వకవుల భాషను అర్థం చేసుకోవడానికి నేర్చుకోవాలి. తన భావాన్ని చెప్పడానికి మాత్రం విద్యార్థి సమకాలిక శిష్టుల వాడుకను అనుసరించాలి. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. ఎవరి నోటికి వచ్చినట్లు వారు రాయాలని ఆయన అనలేదు. చదువుకున్నవారు సభలలో, ఇళ్లలో మాట్లాడే శిష్టవ్యావహారికాన్ని ఆయన ప్రమాణంగా నిలిపారు. ఆ ప్రమాణంలో శ్రీకాకుళం రైతు పలుకుబడికి ఎంత చోటు దొరికింది అన్న ప్రశ్న తరువాతి తరాలవారు వేశారు. అది న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ ప్రశ్న వేయడానికి తలుపు తెరిచింది కూడా గిడుగువారే.

1914లో ఈ వివాదం మద్రాసు విశ్వవిద్యాలయం ముందుకు వచ్చింది. గురజాడ అప్పారావు వ్యావహారిక పక్షాన సమగ్రమైన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. అయినా పండితుల పక్షమే నెగ్గింది. 1915లో ప్రభుత్వం స్కూలు ఫైనలు పరీక్షలో వ్యావహారికానికి ఇచ్చిన అనుమతిని ఉపసంహరించుకుంది. ఆ సంవత్సరం నవంబరు 30న గురజాడ కన్నుమూశారు. పిల్లలకు దక్కిన వెసులుబాటు పోయింది. బాల్యమిత్రుడు పోయాడు. రామమూర్తికి అప్పుడు యాభై రెండేళ్లు. వినికిడి తగ్గింది. అధికారం లేదు. ఆ క్షణంలో ఆయన మౌనం వహించి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు.

ఆయన ఊరూరా తిరిగి ఉపన్యసించడం ప్రారంభించారు. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజం స్థాపితమైంది. దానికి కందుకూరి వీరేశలింగం అధ్యక్షులు, రామమూర్తి కార్యదర్శి. జీవితమంతా గ్రాంథికంలో రాసిన వీరేశలింగంగారు చివరి దశలో ఆ సమాజానికి అధ్యక్షత వహించడం ఉద్యమానికి గొప్ప బలం. అయితే ఆయన ఆ సంవత్సరం మే నెలలోనే దివంగతులయ్యారు. రామమూర్తి తెలుగు అనే మాసపత్రికను 1919-20లో నడిపారు. అది ఎక్కువకాలం నిలవలేదు, కాని వాదాన్ని నిలబెట్టింది.

ఆయన వాదించే తీరు ఒక ఉపాధ్యాయుని తీరు. ఆవేశం కంటె ఆధారం ముఖ్యం. శ్రీముఖలింగంలో శాసనాలను చదవడం నేర్చుకున్న ఆయన వాటిలోని వచనాన్ని సాక్ష్యంగా చూపారు. గద్యచింతామణిలో పాత వచనరచనల నుంచి నమూనాలను సేకరించి, పూర్వులు వచనంలో వాడుక మాటలను వర్జించలేదని నిరూపించారు. తప్పులని వ్యాకర్తలు కొట్టివేసిన రూపాలు మహాకవుల కావ్యాలలోనే ఉన్నాయని బాలకవి శరణ్యంలో చూపారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అన్న గ్రంథంలో గ్రాంథికాన్ని సమర్థించే పండితుల రచనలలోనే గ్రాంథిక నియమాలు ఎన్నిచోట్ల తప్పాయో ఎత్తిచూపారు. ఇందులోని అంతరార్థం స్పష్టం. జీవితమంతా అభ్యసించిన పండితులకే పట్టుబడని భాషను పదేళ్ల బాలుడు రాయలేదని దండించడం ఏ న్యాయం? 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో ఆయన గంటల తరబడి ప్రసంగించి, గ్రంథాల నుంచి ప్రయోగాలను చూపి ప్రత్యర్థులను ఆలోచింపజేశారు.

క్రమంగా గాలి మళ్లింది. యువరచయితలు ఆయన పక్షాన నిలిచారు. పర్లాకిమిడిలో ఆయన శిష్యులైన తాపీ ధర్మారావు జనవాణి పత్రికను వాడుకభాషలో నడిపి, పత్రికారచనకు ఆ భాష పనికివస్తుందని చూపారు. 1933లో రాజమహేంద్రవరంలో రామమూర్తికి సప్తతి మహోత్సవం జరిపారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడిని అందులో చేర్చారు. తెలుగువారి పక్షాన అందుకు నిరసన తెలిపిన రామమూర్తి యాభై ఆరేళ్ల అనుబంధం గల ఆ పట్టణాన్ని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో పరమపదించారు. మరణానికి కొద్ది రోజుల ముందు కూడా పత్రికా సంపాదకులతో సమావేశమై వాడుకభాషను ఆదరించవలసిందని కోరారు. బడులలో, విశ్వవిద్యాలయాలలో ఆ భాషకు సంపూర్ణ ప్రవేశం ఆయన కళ్లారా చూడలేదు. అది ఆయన తరువాత అంచెలంచెలుగా జరిగింది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. సవర భాషలో బడి అన్న ఆయన ఆలోచన కూడా వృథా పోలేదు. 2000 తరువాతి దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవరతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక తరగతుల పిల్లలకు బోధన ప్రారంభించింది. సీతంపేట కొండలలోని బిడ్డ తల్లిభాషలో అక్షరాలు దిద్దడం వెనుక ఒక శతాబ్దం నాటి ఉపాధ్యాయుని తపస్సు ఉన్నది.

ఈ జీవితం నుంచి తల్లిదండ్రులు గ్రహించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. బిడ్డకు పాఠం రాలేదంటే, ఏది రాలేదని మొదట తెలుసుకోవాలి. విషయం తెలియదా, విషయం తెలిసి ఆ భాషలో చెప్పలేకపోతున్నాడా అన్న భేదం గుర్తించాలి. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. ఈ రోజు బడిలో ఏమి చెప్పారో మన మాటలలో చెప్పమని బిడ్డను అడిగితే చాలు. చక్కగా చెప్పగలిగితే లోపం బుద్ధిలో లేదు, భాషలో ఉన్నది. ఎక్కడ ఆగిపోయాడో అక్కడే వానికి సాయం కావాలి. అక్షరం రాని తల్లి కూడా ఈ విధంగా బిడ్డ చదువుకు అండగా నిలువగలదు. వినే చెవి ఉంటే చాలు. తెలుగు ఇంటి నుంచి వచ్చి ఇంగ్లీషు పుస్తకంతో కుస్తీ పడే నేటి విద్యార్థి విషయంలో ఈ మాట మరింత వర్తిస్తుంది. ఆ బిడ్డ ఇంట్లో తెలుగు మాట్లాడడం మానుకుంటే ఇంగ్లీషు వస్తుందని కొందరు భ్రమపడతారు. తెలిసిన భాష నుంచి తెలియని భాషకు నడిపించడమే సరైన దారి అని రామమూర్తి అనుభవం చెబుతున్నది.

రెండవది, బిడ్డను మరొకరితో పోల్చి నిందించడం కంటె ఉపాధ్యాయునితో మాట్లాడడం మేలు. కంటిచూపు, వినికిడి వంటి శారీరక కారణాలు ఉన్నాయేమో పరీక్ష చేయించాలి. మూడవది, కాలం ఇవ్వాలి. బి.ఏ. పట్టా అందుకొనేనాటికి రామమూర్తికి ముప్పై మూడేళ్లు. తోటివారికంటె వెనుక వచ్చినంత మాత్రాన ఆ ప్రయాణం వ్యర్థం కాలేదు. నాలుగవది, ఇంటి యాసను చూచి సిగ్గుపడకూడదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి నగరాలకు వెళ్లిన విద్యార్థులు తమ పలుకుబడి విని నవ్వేవారి ముందు నోరు మూసుకోవడం మనం ఎరుగుదుము. నోరు మూతపడితే ఆలోచన కూడా మూతపడుతుంది. ప్రమాణభాషను నేర్చుకోవలసిందే, కాని అది అమ్మ మాటను అవమానించి నేర్చుకోవలసినది కాదు.

విద్యార్థులారా! మీరు ఈ పాఠాన్ని నిఘంటువు సహాయం లేకుండా చాలావరకు చదువగలిగారు. పరీక్షలో జవాబును మీ సొంత వాక్యాలలో రాయగలరు. ఆ సౌకర్యం ఒకనాడు లేదు. దానికోసం ఒక ఉపాధ్యాయుడు జీతాన్ని, వినికిడిని, ముప్పై ఏళ్ల విశ్రాంతిని వెచ్చించారు. మీ ఇంట్లో చదువులో తడబడే తమ్ముడో చెల్లెలో ఉంటే, ఈ సాయంత్రం పక్కన కూర్చోండి. తప్పు దిద్దకముందు పాఠాన్ని వారి మాటలలో చెప్పించండి, ఓపికగా వినండి. గిడుగువారి ఋణం తీర్చుకోవడానికి అదే మొదటి మెట్టు.

కఠిన పదాలు – అర్థాలు

సహాధ్యాయి : కలిసి చదువుకున్నవాడు
ఒరవడి : చూచి రాయడానికి పెట్టిన నమూనా
కొలబద్ద : కొలిచే సాధనం, ప్రమాణం
గ్రామ్యం : శిష్టసమ్మతం కాదని భావించే మాట
శిష్టులు : విద్యావంతులు, పెద్దలు
భిషక్కు : వైద్యుడు
భేషజం : మందు
సప్తతి : డెబ్బది

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. సవర పిల్లల విద్య కోసం గిడుగు రామమూర్తి చేసిన కృషిని వివరించండి.
2. గ్రాంథిక, వ్యావహారిక వాదాలలో ఇరుపక్షాల అభిప్రాయాలను తెలిపి, మీ అభిప్రాయాన్ని సకారణంగా రాయండి.

ఆ. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. తండ్రి మరణానంతరం రామమూర్తి చదువు ఎలా సాగింది?
2. బడి పుస్తకాల భాష విద్యార్థులకు ఎందుకు కష్టమైంది? ఉదాహరణలు ఇవ్వండి.
3. 1915వ సంవత్సరం రామమూర్తి జీవితంలో ఎందుకు కష్టకాలమైంది?
4. చదువులో వెనుకబడిన పిల్లలకు తల్లిదండ్రులు ఏ విధంగా తోడ్పడవచ్చు?

ఇ. భాషాభ్యాసం
మీ ఊరిలో వాడుకలో ఉండి, పాఠ్యపుస్తకాలలో కనిపించని పది పదాలను ఇంటి పెద్దలను అడిగి సేకరించండి. వాటి అర్థాలను మీ సొంత వాక్యాలలో రాయండి.